నాలుగు కాటాలు

సారెమా దీవిలో అక్టోబరు వాన,
షెడ్డు రేకు పొద్దుటినుంచీ వాగుతూనే ఉంది.
కొత్త స్ప్రింగులు, కొత్త డాంపర్లు బిగించాక
పాత లాడా బిత్తరపోయి నిలబడింది,
కొత్త చెప్పులేసుకున్నవాడిలా
ఏ కాలి మీద ఆనాలో తెలియక.

ముందు నేల చూసుకోవాలి.
నీళ్ళ గొట్టం పట్టి కొలిస్తే
వెనక కుడి మూల నాలుగు మిల్లీమీటర్లు పల్లం.
లినోలియం ముక్కలు కోసి కాటా కింద దోపాను.
టైర్లలో గాలి సరి, ట్యాంకులో సగం పెట్రోలు,
యాంటీరోల్ బారు లింకు విప్పేశాను.
ఇక కావలసింది డ్రైవరు.

తార్వో ఓడ మీద ఉన్నాడు, శనివారం గాని దిగడు.
"వాడి బరువెంత?"
"డెబ్భై ఎనిమిది" అంది అక్క హెల్వే.
నా నోటుబుక్కులో, రెండేళ్ళ కిందటి పేజీలో,
గ్రీజు వేలిముద్ర కింద, ఎనభై రెండు.
ఎదుట లేని మనిషి ఒంటి గురించి
కాసేపు గట్టిగానే వాదించుకున్నాం.
బుక్కే నెగ్గింది.

ఎనభై రెండు కిలోల బంగాళాదుంపలు,
మూడు గోనెలు, సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం.
రింగు పావు చుట్టు తిప్పడం,
బానెట్ మీద రెండు చేతులూ ఆనించి ఊపడం,
స్ప్రింగు కుదుటపడేదాకా ఆగడం.
ముందు ఎడమ లేపితే వెనక కుడి కూడా బరువెక్కుతుంది,
కుంటి బల్ల కాలికింద అట్టముక్క పెట్టినట్టే.
చీకటి పడే వేళకి
మూడొందలు, రెండొందల ఎనభై,
రెండొందల నలభై, రెండొందల ఇరవై.
ఐమూలకి ఐమూల సరి.

మర్నాడు గాలం దారం రెండు పక్కలా లాగి కట్టి
చక్రాల చూపు కొలిచాను.
ఎడమది లోపలికి చూస్తోంది, సిగ్గుపడుతున్నట్టు.
కింది ఆర్ము దగ్గర ఒక రేకుబిళ్ళ తీశాను,
టైరాడ్డు అర చుట్టు.
ఇప్పుడు రెండూ రోడ్డునే చూస్తున్నాయి.

శనివారం తార్వో వచ్చాడు, డీజిలు వాసనతో.
గోనెలు దింపి అతన్ని కూర్చోమన్నాను.
మొత్తం వెయ్యి నలభై ఉండాలి.
వెయ్యి ఇరవై తొమ్మిది.

కాటాలు సున్నా చేశాను. మళ్ళీ అదే.
ట్యాంకులో పుల్ల ముంచి చూశాను. సగమే.
"స్టెప్నీ తీశావా?" అంది హెల్వే.
తియ్యలేదు.
రింగులు తిప్పి ఈ మూల బరువు ఆ మూలకి తోలగలను,
మొత్తాన్ని పెంచడం ఏ స్పానరుకీ చేతకాదు.
ఆ పదకొండు కిలోలు ఎటూ జరగలేదు,
అవి ఈ షెడ్డులోకే రాలేదు.

అప్పుడు చూశాను అతన్ని.
స్టీరింగు మీద చెయ్యి పైకెత్తితే
గడియారం మణికట్టు దాటి
మోచేతి దాకా జారిపోయింది.

"ఓడలో వంట బాగోదు" అన్నాడు, అద్దంలోకి చూస్తూ.
ఎవరూ అడగలేదు.
వాన కూడా కాసేపు తగ్గింది.

నోటుబుక్కు తీసి ఎనభై రెండు కొట్టేశాను.
పక్కన డెబ్భై ఒకటి, పెన్సిలుతో.
బుక్కులో ఉన్నవాడు కాదుగా రేపు మలుపు తిరిగేది.
రింగుల దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

హెల్వే ఏమీ అనలేదు.
పై గోనె మూతి విప్పి
ఒళ్ళో దుంపలేసుకుని ఇంట్లోకి వెళ్ళింది.
అరగంటకి పొగలు కక్కే పళ్ళెం, మీద వెన్న, సోయికూర.
అతను బెల్టు విప్పబోయాడు.
"దిగకు, లెక్క చెడుతుంది" అన్నాను.

సీట్లోనే తింటున్నాడు,
ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా.
వెనక ఎడమ అంకె అర కిలో ఎక్కింది.
అది పళ్ళెం బరువే, తెలుసు.
సున్నా చెయ్యలేదు.